రాగి బిందెలో క్రిస్మస్ నీళ్ళు

నిన్న సాయంత్రం మా షోళింగనల్లూరు అపార్ట్‌మెంట్ వాళ్ళ ఫోను గ్రూపులో ఒక కబురు వచ్చింది, క్రిస్మస్ రోజు పొద్దున నీళ్ళ లారీలు ఆలస్యంగా వస్తాయి, కాస్త చూసి వాడుకోండి అని. కోడలు అది చదివి వినిపించి, ఫోను పక్కన పడేసి సోఫాలో కూలబడింది. పాపం, ఆ పిల్ల బాధ ఆ పిల్లది. పిల్లలకి బడి సెలవులిచ్చింది గానీ తనకి ఆఫీసు ఇవ్వలేదు. మనవరాలు బళ్ళో దేవదూత వేషం వేసిన నాటి నుంచి ఆ రెక్కల జిగినా ఇల్లంతా రాలుతూనే ఉంది, మొన్న నా ఇడ్లీలో కూడా ఒక మెరుపు కనబడింది. నేను లేచి వెళ్ళి వంటింట్లో ఉన్న బిందెలూ, బకెట్లూ, పెద్ద గిన్నెలూ వరసగా నింపడం మొదలుపెట్టాను. యుద్ధమేమైనా వస్తోందా అత్తయ్యా అని కోడలు నవ్వింది. నవ్వనీ. చీకట్లో బిందె పట్టుకుని వరసలో నిలబడిన మన వయసు వాళ్ళకి సగం సంగతి అర్థమయ్యే ఉంటుంది, మిగతా సగం చెబుతాను.

నేను కాపురానికి వచ్చింది ఇదే పట్నంలో ఆ చివరనున్న తిరువొత్తియూరులో, సముద్రపు గాలికి గోడల సున్నం రాలిపోయే ఒక లైను ఇంటికి. ఒకే పెంకుల కప్పు కింద వరసగా వాటాలు, అందరికీ కలిపి ముంగిట్లో కార్పొరేషన్ నీళ్ళ గొట్టానికి బిగించిన ఒక చేతిపంపు. తెల్లవారుజామున ఇంకా చీకటుండగానే ఆ పంపులోకి నీళ్ళు వచ్చేవి, కాసేపు వచ్చి, ఎవరికి చాలాయో ఎవరికి చాలలేదో అడగకుండా ఆగిపోయేవి. రాత్రే బిందెలు వరసలో పెట్టుకుని పడుకునేవాళ్ళం. మా ఇంట్లో మామగారు, ఇద్దరు మరుదులు, ఫ్యాక్టరీలో షిఫ్టు మారినప్పుడల్లా భోజనం వేళ మారిపోయే మా ఆయన, ఇంతమంది మగవాళ్ళుండి ఒక్కరూ పంపు దగ్గరికి వచ్చేవారు కారు. అది ఆడవాళ్ళ చోటట. నీళ్ళు తాగడం మాత్రం అందరిదీ.

ఇక మా అత్తగారి మడి సంగతి చెప్పాలంటే, స్నానం చేసి వంటకు కూర్చున్నాక ఆమెకి గాలి తగిలినా మైలే అని నేను చాటుగా నవ్వుకునేదాన్ని. దేవుడి వంటకి వేరే రాగి బిందె ఉండేది. దాన్ని ఆమె తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, అందులో నీళ్ళు ఆ తెల్లవారుజామున పట్టినవే అయి ఉండాలి, ముందు రోజువి పనికిరావు. నేను చెప్పబోయే ఏడు ఆమెకి ఒక మొక్కు ఉంది. నా కొడుకు నెలలు నిండకుండా పుట్టి, గుప్పెడంత పిల్లవాడు, పుట్టిన ఏడాదంతా దక్కుతాడా దక్కడా అన్నట్టే ఉన్నాడు. వాడు మొదటి పుట్టినరోజు చూస్తే ధనుర్మాసం నెల రోజులూ ఒక్క రోజు తప్పకుండా సూర్యుడు రాకముందే పొంగలి వండి దేవుడికి పెడతానని ఆమె మొక్కుకుంది. వాడు చూశాడు, ఆమె మొదలుపెట్టింది. నా బిడ్డ కోసమే అని తెలిసినా, చీకట్లో ముగ్గుకీ నీళ్ళకీ లేవలేక, ఆ దేవుడు కాస్త ఎండెక్కాక తింటే ఏం పోయిందని విసుక్కున్న రోజులు లేకపోలేదు.

మా పక్క వాటాలో క్రైస్తవుల కుటుంబం ఉండేది. ఆ ఇల్లాలిని నేను అక్కా అనేదాన్ని. తమిళామె, మాతో తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగించేది. ముగ్గురు పిల్లలు, మంచం పట్టిన అత్తగారు, వీళ్ళందరి మధ్య డిసెంబరు వచ్చిందంటే ఆమె ఇంట్లోంచి నూనె కాగే వాసన, అచ్చుతో వేసే గులాబీ పువ్వుల వాసన, కుట్టుమిషను చప్పుడు ఒకటే పనిగా వచ్చేవి. మా లైనులో ఒక ఆనవాయితీ ఉండేది, పండగ వంతు అనేవాళ్ళం. సంక్రాంతికీ ఉగాదికీ మా ఇంటి బిందెలు ఆమె పట్టిపెట్టేది, క్రిస్మస్‌కి ఆమె ఇంటిల్లిపాదీ చీకటితోనే చర్చికి వెళతారు గనుక ఆమె బిందెలు మేము పట్టాలి. అయితే రాగి బిందె జోలికి మాత్రం ఆమె ఏ పండగకీ వచ్చేది కాదు. మా అత్తగారు చెప్పనూ లేదు, ఆమె అడగనూ లేదు, అలా జరిగిపోయేది.

ఆ ఏడు క్రిస్మస్‌కి ముందు మా అత్తగారు దొడ్లో జారి పడి చీలమండ వాచిపోయి, పంపు దాకా నడవలేకపోయింది. కాబట్టి తలస్నానం చేసి రాగి బిందె పట్టడం, మా బిందెలు పట్టడం, అక్క బిందెలు పట్టడం అన్నీ నా నెత్తిన పడ్డాయి. ఆ రాత్రే పిల్లవాడికి దగ్గు ముదిరింది. ఎత్తుకుంటే ఊపిరి ఆడేది, పడుకోబెడితే ఆగిపోతుందేమో అని భయం. మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. వాణ్ణి భుజాన వేసుకుని గోడకి ఆనుకుని కూర్చున్నదాన్ని, ఎప్పుడు కళ్ళు మూతపడ్డాయో తెలియదు. చర్చి గంటలు వినబడి ఉలిక్కిపడి లేచాను. వాడు నా భుజం మీద చెమటలు పట్టి నిద్రపోతున్నాడు, దగ్గు తగ్గింది. పంపు చప్పుడు కూడా లేదు.

మొక్కు తప్పిపోయిందనుకుని వాణ్ణి పక్క మీద వేసి వాకిట్లోకి పరిగెత్తాను. మా బిందెలన్నీ నిండి మూతలతో ఉన్నాయి. రాగి బిందె మా గుమ్మం పక్కన, పైన పళ్ళెం బోర్లించి ఉంది. వరసలో అక్క బిందెలు మాత్రం ఎక్కడివక్కడే, ఖాళీగా. చివరి వాటా అవ్వ చెప్పింది జరిగినది. అక్క పండగ పట్టుచీర కట్టుకుని చర్చికి బయలుదేరి, మా బిందెలు ఒంటరిగా ఉండడం చూసి, లోపల పిల్లవాడి మూలుగు విని, చీర ఎగదోపుకుని పంపు కొట్టడం మొదలుపెట్టిందట. మొగుడూ పిల్లలూ కొత్త బట్టల్లో నిలబడి చూస్తుండగా మొదట రాగి బిందె, తర్వాత మావన్నీ పట్టి, తన బిందె పెట్టేసరికి నీళ్ళు ఆగిపోయాయట. మధ్యాహ్నానికి ఆమె ఇంటికి చుట్టాలు, బిరియాని, ఇంట్లో మంచం మీద ముసలావిడ.

లోపలికి వెళ్ళి అత్తగారికి చెప్పక తప్పలేదు. రాగి బిందె ఎవరు పట్టారో దాచకుండా చెప్పేశాను. ఆ నీళ్ళు వద్దంటే మొక్కు పోతుంది, వండితే ఇన్నేళ్ళ మడి పోతుంది, నేను నా కొడుకు ముఖం చూస్తూ నిలబడ్డాను.

"తలకి పోసుకుని, కొత్త చీర కట్టుకుని, దేవుడి కాడికి పోతా పోతా పట్టిన నీళ్ళు అవి," అంది ఆమె. "ఇంతకన్నా మడి ఇంకేడుండాది? పొయ్యి ముట్టించు పో."

పొంగలి ఉడికింది, సూర్యుడు రాకముందే దేవుడి ముందుకు చేరింది. హారతి కళ్ళకద్దుకుంటూనే ఆమె, ఆ యమ్మ బిందెల్లో ఏముందని అడిగింది. ఏమీ లేదన్నాను. ముందు మన బిందెలు తీసుకెళ్ళి వాళ్ళ వాకిట్లో ఉన్న తొట్టిలో పొయ్యమంది, తర్వాత వాటా వాటాకీ పోయి ఒక్కో చెంబు అడగమంది. నాకు సిగ్గేసింది. ఆ రోజుల్లో ఎవరైనా బియ్యం అడిగితే పెట్టేవారు గానీ నీళ్ళు అడిగితే ముఖం తిప్పుకునేవారు. అయినా వెళ్ళాను. ఎవరికని మొదటి గుమ్మంలో అడిగితే చెప్పాను, రెండో గుమ్మానికి వెళ్ళేసరికి కబురు నాకంటే ముందే చేరిపోయింది. చెంబు అడిగితే బిందె ఇచ్చారు. రోజూ వరస దగ్గర నాతో పోట్లాడే ఆమె కూడా, తన బిందె తానే మోసుకొచ్చి పోసింది. మా చిన్న మరిది లుంగీ ఎగ్గట్టి రెండు బిందెలు మోశాడు, అది ఆ లైను చరిత్రలో మొదటిసారి. తొట్టి అంచు దాకా నిండి, నీళ్ళ మీద పండక్కి వాళ్ళ గుమ్మానికి కట్టిన కాగితపు నక్షత్రం నీడ ఊగుతుంటే, ఇది నేను రోజూ విసుక్కునే ముంగిలేనా అని కళ్ళప్పగించి చూస్తూ ఉండిపోయాను.

అక్క తిరిగి వచ్చి తొట్టి చూసి చెంగు నోటికడ్డం పెట్టుకుంది. నీ పండగ ప్రార్థన ఆలస్యమైంది కదక్కా అంటే నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"పరవాలేదు చెల్లీ. మీ అత్తమ్మ సామికి టైము ఉండాది. మా సామి ఈ పొద్దంతా ఈడనే ఉంటాడు, రెండు పాటలు అయినాక పోయినా ఏమనుకోడు."

మర్నాడు మళ్ళీ చీకట్లోనే లేచాను, నడుము అలాగే నొప్పి పెట్టింది, మగవాళ్ళు అలాగే పడుకున్నారు. అలసట ఎక్కడికీ పోలేదు. కానీ ఆ తర్వాత ఎన్ని డిసెంబర్లు వచ్చినా, బిందె ఎత్తుకున్నప్పుడల్లా దేవుడా నన్ను ఎంత మంచివాళ్ళ మధ్య పడేశావు అని మనసులో అనుకోకుండా ఉండలేకపోయాను. మా అత్తగారి మొక్కు నెలంతా తీరింది. భుజం మీద దగ్గిన ఆ పిల్లవాడే, ఇవాళ లారీ వాడు ఎప్పుడొస్తాడని ఫోనులో కేకలేస్తున్న నా కొడుకు. అక్క వాళ్ళు తర్వాత ఊరు మారిపోయారు, ఆ లైను ఇళ్ళు పడగొట్టేశారు, పంపు ఉన్న చోట ఏముందో నేను వెళ్ళి చూడలేదు.

నిన్న అన్నీ నింపాక ఒక బిందె మిగిలింది. దాన్ని కూడా నింపి మూత పెట్టి గుమ్మం లోపల పెట్టాను. మా ఎదురు తలుపుకి ఒక నక్షత్రం వెలుగుతోంది. వాళ్ళు వచ్చి చాలా కాలమైంది, లిఫ్టులో ఎదురైతే తల ఊపుకుంటాం, ఆ ఇల్లాలి పేరు నాకు తెలియదు, నా ఊసు ఆమెకి తెలియదు. ఇది ఎవరికత్తయ్యా అని కోడలు అడిగింది.

పండగ వంతు అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు.