అక్క ఎడమచేతి రాత

రాయచూరులో ఒక చిన్న ప్రైవేటు బడిలో నేను మూడో తరగతికి పాఠాలు చెబుతాను. ఇంగ్లీషు అక్షరాల కలిపి రాత, అంటే కర్సివ్, మొదలయ్యేది ఆ తరగతిలోనే. నాలుగు గీతల పుస్తకం తెరవమంటే చాలు, సగం మందికి దాహం వేస్తుంది. అందుకే మొన్న దసరా సెలవులకు ముందు పచ్చ కాగితాలను జమ్మి ఆకుల్లా కత్తిరించి, వాటి మీద చుక్కలతో ‘హ్యాపీ దసరా’ అని రాశాను. చుక్కల మీద దిద్ది, కింద సొంతంగా ఒకసారి రాసి, ఇష్టమైన పెద్దవాళ్లకు ఇవ్వాలి. పండుగ సాయంత్రం జమ్మిని బంగారమని చేతిలో పెడతాం కదా, అలా.

ముందు బెంచీలోని పాప ఆకును తిప్పి తిప్పి చూసింది.

“టీచర్, జమ్మి ఆకు గింత పెద్దగుంటదా?”

అందరం నవ్వాం. తరవాత ఆ పాపే అడిగింది: “మీరెవరికి ఇస్తరు?”

“మా అక్కకు,” అన్నాను. అనేశాక బోర్డు వైపు తిరిగి తుడవడం మొదలుపెట్టాను.

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నాకు కలిపి రాత నేర్పింది తనే. ఒక దసరా సెలవుల్లో మిద్దె మీద చాప పరిచి, నా పిడికిలి తన చేతిలోకి తీసుకుని పేజీలకు పేజీలు రాయించింది. దస్తూరి అంటే అక్కదే. మా వీధిలో ఎవరింట్లో పెళ్లి ఉన్నా శుభలేఖల మీద పేర్లు రాయడానికి అక్క కోసం వచ్చేవారు. రెండేళ్ల కిందట ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, నడక కూడా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు.

అప్పుడు నేను ఇల్లంతా వెతికాను, అక్క రాసింది ఏదైనా దొరుకుతుందేమోనని. ఒక్క కాగితం కూడా దొరకలేదు. ఆమె రాసిందంతా ఇతరుల కోసమే, ఇతరుల ఇళ్లకే పోయింది. మాకు ఫోన్లు వచ్చాక ఉత్తరాలు రాసుకున్నదే లేదు.

పండుగ రోజు మధ్యాహ్నం బస్సెక్కి దేవసూగూరులో అక్క వాళ్లింటికి వెళ్లాను. మిగిలిన కాగితపు ఆకులు సంచిలోనే ఉన్నాయి. నేను తువ్వాలు తీస్తుంటే అవి జారి మంచం మీద పడ్డాయి.

“ఏందే ఇవి?” అంది అక్క.

“మా పిల్లలవి. కలిపి రాతకు.”

“ఒకటి ఇటియ్యి. పెన్సిల్ గూడ.”

“ఇప్పుడెందుకక్కా? అలసిపోతవు.”

“మూడో తరగతోళ్లు రాస్తరు గాని నేను రాయలేనా?”

ఎడమచేత్తో పెన్సిల్ పట్టుకుంది. మొదటి చుక్క దగ్గరే గీత పక్కకు పోయింది. ఆగలేక ఆమె చేతి మీద నా చెయ్యి వేశాను. విదిలించింది.

“ఇడువు. నువ్వు పట్టుకుంటె అది నీ రాత అయితది.”

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మూడు ఆకులు ఖరాబయ్యాయి. బావ తెచ్చిన చాయ్ చల్లారిపోయింది. నాలుగో ఆకు మీద, చుక్కల కింద ఖాళీలో, ‘హ్యాపీ’ ఒక్కటే రాసి నా ముందుకు తోసింది.

“ఎట్లుంది? టీచర్ లెక్క చెప్పు.”

నేను వెతికింది ఆ అక్షరాల్లో లేదు. అవి మా తరగతిలో ఎవరో రాసినట్టున్నాయి. బాగుందని చెప్పబోయాను, కానీ అక్క నా ముఖమే చూస్తోంది.

“రెండు పీలు మంచిగున్నయి. వై తోక గీత దాటి పోయింది.”

అక్క పకపకా నవ్వింది. జబ్బు పడ్డాక ఆమె అలా నవ్వగా వినడం నాకు అదే మొదలు.

సాయంత్రం గుడి నుంచి వచ్చి జమ్మి ఇచ్చి కాళ్లకు మొక్కాను. పండుగ పూట ఎడమచేత్తో దీవించడం ఆమెకు ఇష్టం లేదు. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి నా తల మీద పెట్టింది. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. కాసేపు లేవబుద్ధి కాలేదు.

ఇప్పుడు నేను పంపే మూడో తరగతి కాగితాల్లో ఆదివారం ఆదివారం ఒక పేజీ రాసి ఫోనులో ఫొటో పంపుతోంది. నేను దిద్ది పంపుతున్నాను. దీపావళి నాటికి గీత దాటడం తగ్గింది. ఈ కొత్త రాతను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. పాత రాతనే, కళ్లు మూసుకుని తలచుకుందామంటే ఒక్కో అక్షరం చెదిరిపోతోంది. ‘కె’ ఎలా రాసేదో నిన్నంతా ఆలోచించాను, గుర్తు రాలేదు. అక్కను అడగడానికి నోరు రాలేదు.

పొద్దున ఆమే ఫోన్ చేసింది. “ఇవి చిన్నపిల్లలవే. నాలుగో తరగతివి పంపు,” అంది.

బడిలో క్రిస్మస్ సెలవుల కలిపి రాత కాగితాలు తయారవుతున్నాయి. పక్క తరగతి టీచరును అడిగి నాలుగో తరగతివి ఒక సెట్టు తీసుకున్నాను.