షమీమ్ ఖాలా, మూడు రంగుల వైర్లు

కొత్త టీవీ పెట్టె విప్పుతుంటే థర్మోకోల్ కిర్రుమంది. ఆ చప్పుడుకు పళ్లు జివ్వుమన్నాయి. ఆ వెంటనే షమీమ్ ఖాలా గుర్తొచ్చింది. భయంభయంగా టీవీ వెనక్కి తొంగి చూశాను. నా పాత స్పీకర్ల ఎరుపు, తెలుపు పిన్నులు దూరడానికి గుండ్రటి రంధ్రం ఒక్కటీ లేదు. ఒకప్పుడు టీవీ వెనుక భాగం జల్లెడలా ఉండేది. ఇప్పుడు రెండే చీలికలు, మనతో ఏ చుట్టరికమూ లేనట్టు.

"గా డబ్బాల్ని పాత సామాన్ల బండికి ఎయ్యరాదు?" అంది మా ఆవిడ.

వెయ్యను. ఎందుకు వెయ్యనో చెప్పాలంటే ఖాలా గురించి చెప్పాలి.

ఇబ్రహీంపట్నంలో మేము అద్దెకున్న ఇంట్లో పక్క వాటా ఆమెది. జాకెట్లు కుట్టేది. పిన్నమ్మ వరస పెట్టి వీధి వీధంతా ఖాలా అని పిలిచేది. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. విద్యుత్తు గురించి మంచినీళ్లు ముట్టకుండా మూడు గంటలు మాట్లాడగలను. ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం మా ఆవిడను పిలుస్తాను. ఈ సంగతి ఖాలాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. అయినా "సారూ" అనే పిలిచేది. ఆ సాగదీతలో కాస్త జాలి వినిపించేది.

ఆమె దగ్గర కూతురి పెళ్లి సీడీ ఒకటుండేది. అందులో ఒక్క నిమిషం పాటు ఆమె భర్త జానీ మామ వంటమాస్టరును తిడతాడు. ఆ పెళ్లయిన రెండు నెలలకే ఆయన పోయాడు. ఆయన గొంతు ఈ భూమ్మీద మిగిలింది ఆ ఒక్క నిమిషంలోనే. ప్రతి రంజాన్ పండగకూ అందరి చేతుల్లో సేమియా గిన్నెలు పెట్టి, ఖాలా ఆ తిట్లు వినిపించేది. మా ఆవిడకు అవి కంఠతా వచ్చు. అవసరమైనప్పుడు వాడుతుంది కూడా.

ఒక ఏడు, పండగ నాలుగు రోజులుందనగా ఖాలావాళ్ల బానపొట్ట టీవీ కన్నుమూసింది. యాచారం నుంచి అల్లుడొచ్చి, అప్పడమంత పలుచటి టీవీ గోడకు తగిలించి వెళ్లాడు. దానికి సీడీ ప్లేయరును కలిపే పని, శాస్త్రం చదివిన పాపానికి, నా మీద పడింది. ప్లేయరుకు పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు. టీవీకి ఓ మూల చీమ కన్నంత రంధ్రం, దాని పక్కన వెడల్పాటి చీలిక. బజారుకు పోయి "దాదాపు అట్లాంటిదే" ఒకటి తెచ్చాను. కుదరలేదు. ఇంకోటి తెచ్చాను. ఆ మూడు రోజుల్లో నేను కొన్న వైర్లన్నీ ముడేసి లాగితే మన్నెగూడ చౌరస్తా దాకా వచ్చేవి. ఆఖరి వైరుకు బొమ్మ వచ్చింది, మాట రాలేదు. తెర మీద జానీ మామ ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు.

"బొమ్మయితే వచ్చింది గద ఖాలా" అన్నాను.

"ఆయన మూతి నేనేం జేస్కుంట సారూ? ముప్పై ఏండ్లు చూసిన. నాకు నోరు కావాలె."

మర్నాడే పండగ. ఖాలా నా వైర్ల కుప్పను చూసింది, నన్ను చూసింది.

"చీరె ఇంట్ల వెట్టి మ్యాచింగ్ గుడ్డకు పోతరా ఎవరన్న? టీవీ ఇప్పుండ్రి."

దుప్పట్లో చుట్టిన టీవీ నా ఒళ్లో, ప్లేయరు ఆమె ఒళ్లో, మేమిద్దరం ఆటోలో. బస్ డిపో దగ్గర నా విద్యార్థులు పలకరించారు: "సార్, ఇల్లు ఖాళీ చేస్తున్నరా?"

ఎలక్ట్రికల్ దుకాణం నర్సింహ మా సరంజామా చూసి నవ్వాడు. "ఖాలా, గీ ప్లేయర్ల కాలం అయిపోయింది. కొత్తది జర మంచిది తీస్కో."

ఖాలా కళ్లద్దాలు తీసి కౌంటర్ మీద పెట్టింది. "నీ పెండ్లాం నెమలికంఠం చీరె తెచ్చిననాడు, దానికి గుడ్డ దొర్కలే. చీరె మార్చుకో బిడ్డా అన్ననా? మూడు దుకాన్లు తిరిగి తెచ్చిన. నువ్వు ఒక్క సొరుగన్న గుంజకుండనే కాలం అయిపోయిందంటున్నవ్!"

నర్సింహ సొరుగులు లాగడం మొదలుపెట్టాడు. అన్నిటికన్నా కింది సొరుగులో, మూరెడు దుమ్ము కింద, అగ్గిపెట్టెంత డబ్బా దొరికింది. ఒకవైపు మూడు రంగుల రంధ్రాలు, రెండోవైపు కొత్త టీవీకి పట్టే వెడల్పాటి మూతి. కలిపాడు. టీవీ గుయ్యిమంది, గురకపెట్టింది, ఆ తర్వాత సాగర్ రోడ్డంతా దద్దరిల్లింది:

"ఏం రా, ఉప్పు తీస్కపోయి పెద్దచెరువుల ఏసొచ్చినవా? బిర్యానీ సప్పగ సచ్చింది!"

ఎదుటి హోటల్ వంటమాస్టరు గరిటెతో సహా బయటికొచ్చి తొంగి చూశాడు.

"ఇంకోపారి పెట్టు" అంది ఖాలా. పెట్టాడు. మూడోసారి పెట్టినప్పుడు ఆయనతో పాటు ఆమె పెదాలూ కదిలాయి. నర్సింహ అవసరం లేకపోయినా తెర తుడిచాడు. నేను వైర్ల గురించి ఏదో శాస్త్రీయంగా చెప్పబోయి, టీవీకి చుట్టిన దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాను.

ఖాలా పోయి రెండేళ్లయింది. ఇవాళ కొత్త టీవీని దుప్పట్లో చుట్టి, స్పీకర్లను కాళ్ల దగ్గర పెట్టుకుని ఆటో ఎక్కాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి జానీ మామ తిట్లలో సగం నాకే అప్పజెప్పింది. నర్సింహ తల ఇప్పుడు థర్మోకోల్ రంగుకొచ్చింది.

"గిప్పుడు ఇసొంటియి ఎవరు వెడ్తుండ్రు సార్? స్పీకర్లు మార్చుండ్రి" అన్నాడు.

నేను కళ్లద్దాలు తీసి కౌంటర్ మీద పెట్టాను.

నర్సింహ ఒక్క క్షణం ఆ అద్దాల వైపు చూశాడు. తర్వాత వంగి, కింది సొరుగు లాగాడు.