బొగ్గు ముట్టి ఆడిన ఆఖరి ఫైనల్

శనివారం పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలకు మా బాయిలో మనుషులను కిందికీ మీదికీ చేర్చే చైర్‌లిఫ్టు ఆగిపోయింది. బొగ్గు గనిని మేము బాయి అంటాం, గనీ దాని ఆఫీసులూ అన్నీ కలిపి కాలరీ. అప్పటికి మా కాలరీ కబడ్డీ జట్టు ఏడుగురూ కిందే ఉన్నారు. పదకొండింటికి ఫైనల్.

నేను మైదానంలో స్కోరు బల్ల దగ్గర కూర్చున్నాను. మా ఆయన పోయాక ఇదే కాలరీ హాజరు ఆఫీసులో పనిచేశాను. రిటైరయినా జట్టు మ్యాచులకు స్కోరు రాయడం మానలేదు. బాయి మీద టోపీ లైట్లిచ్చే ల్యాంపు రూం నుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, చైర్‌లిఫ్టు బందయింది. మీ మేనల్లుడు, మిగిలినోళ్లు నడుసుకుంటనే మీదికి ఎక్కుతున్నరు."

మా అన్న కొడుకే ఆ జట్టు కెప్టెన్.

మ్యాచ్ రోజున బాయిలోకి ఎందుకు దిగారని కొత్తవాళ్లు అడుగుతారు. మా జట్టు ఆడిన మొట్టమొదటి ఫైనల్‌కు సెలవు దొరకలేదు. ఏడుగురూ షిఫ్టు నుంచి నేరుగా వచ్చి, బొగ్గు చేతులతోనే ఆడి గెలిచారు. అప్పటినుంచి ఫైనల్ ఉందంటే ఏడుగురూ కిందికి దిగి, బొగ్గు గోడను అరచేత్తో ముట్టి, ఆ చెయ్యి కడుక్కోకుండా కోర్టులోకి రావాలి. ఎవరూ పెట్టిన నియమం కాదు. ఎవరూ తప్పిందీ లేదు.

ఆ మొదటి జట్టులో మా ఆయన కూతకు పోయేవాడు. ఒక్క ఊపిరి మీద అవతలి గీత దాకా పోయి వచ్చేవాడు. ఇంట్లో మాత్రం రెండు మాటలు కలిపి మాట్లాడేవాడు కాదు. మూలన నిలబడి పట్టే అతను ఆదిలాబాద్ దిక్కు మనిషి. కాలు దొరికిందంటే "థాంబ్, థాంబ్" అని మరాఠీలో ఆగమంటూ, అవతలివాడు ఆగేదాకా వదిలేవాడు కాదు. చెన్నూరు నుంచి వచ్చిన పొట్టివాడు ఒకడుండేవాడు. దొరికాడని అందరూ అరిచేలోపే చేతుల కిందినుంచి జారి గీత దాటేవాడు. వీళ్లంతా కూలీలుగా చేరి ఆటగాళ్లయినవాళ్లు. తర్వాతి జట్లను కంపెనీ ఆట కోసమే ఉద్యోగంలోకి తీసుకుంది. నెల జీతం, రోజూ ప్రాక్టీసు డ్యూటీ.

నా మేనల్లుడు అట్లా వచ్చినవాడే. మోకాలికి ఆపరేషన్ అయ్యాక కూడా ఈ దిక్కున అతనంత కూతగాడు లేడు. గోదావరి అవతలి కాలరీకీ మాకూ కలిపి ఇక ఒక్క జట్టే ఉంటుందని, ఈ ఫైనల్ గెలిచిందే నిలుస్తుందని పైవాళ్లు ముందే చెప్పారు. ఓడినవాళ్లు బాయి షిఫ్టులకు పోవాలి. ఆ మోకాలితో కింద బరువులు మోయడం అతని వల్ల అయ్యే పని కాదు.

పదకొండయింది. కోర్టులో అవతలి ఏడుగురే నిలబడ్డారు.

"ఏందవ్వా, మీవోళ్లు బొగ్గు ముట్టవోయిన్రా, అమ్మవోయిన్రా?" అని వాళ్ల కోచ్ నవ్వాడు.

"వచ్చినంక అడుగు. అప్పుడు గా నవ్వు ఉంటదో పోతదో చూద్దాం," అన్నాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. బాయిలోంచి ఆ ఏటవాలు దారి నడిచి ఎక్కి వచ్చిన మనుషులను హాజరు ఆఫీసు కిటికీలోంచి ఎన్నోసార్లు చూశాను. పేరు అడిగితే చెప్పడానికి కూడా వాళ్లకు ఊపిరి అందేది కాదు.

రిఫరీ వాచీ చూసుకున్నాడు. "పదిహేను నిమిషాలు ఆగుతనమ్మా. గంతకు మించి నాతోని కాదు."

"నువ్వు పిలుపు విజిల్ కొట్టిందే పదకొండు దాటి మూడు నిమిషాలకు. ఆడికెల్లి లెక్కవెట్టు."

"గీ అవ్వతోని పెట్టుకుంటే మనం బతకం," అంటూ ఒప్పుకున్నాడు.

పదకొండూ పదహారుకు ట్రాలీ ఆటో గేట్లోకి వచ్చింది. ఏడుగురూ దిగారు. అందరి పిక్కలూ వణుకుతున్నాయి.

"అత్తా, టైముందా?"

"రెండు నిమిషాలుంది. కూసోకు, కూసుంటే లేవలేవు. లిఫ్టు బందయినంక గా ముట్టుడు ఎందుకురా?"

"ముట్టినంకనే బందయింది, అత్తా. ముట్టకముందే అయితే తిట్టు, పడ్త." చెప్పి నవ్వబోయాడు. నవ్వుకు ఊపిరి చాలలేదు.

మొదటి సగం ఎట్లాగో నిలబడ్డారు. రెండో సగంలో పట్టుకున్న కాళ్లు పట్టుకున్నట్టే చేజారిపోయాయి. ఆఖరి కూత వచ్చేసరికి మేము ఒక్క పాయింటు వెనక ఉన్నాం. నా మేనల్లుడు పోయాడు. ఇద్దరిని ముట్టాడు. తిరిగివస్తే గెలుపు మాదే. మలుపు తిరగబోతుంటే పిక్క పట్టేసి పడిపోయాడు. నలుగురు మీద పడ్డారు. చాచిన చెయ్యి గీతకు జానెడు దూరంలో ఉంది. మట్టిలో ముఖం ఉన్నా కూత ఆగలేదు. కబడ్డీ, కబడ్డీ అని సన్నగా, ఇంకా సన్నగా వినిపించింది. నేను బల్ల అంచు పట్టుకుని, ఆగొద్దు, ఆగొద్దని లోపల మొత్తుకున్నాను. చెయ్యి రెండు వేళ్ల మందం జరిగింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

విజిల్ పడ్డాక అతను నడవలేక, పాకుతూ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అత్తా, గీత అందిందా?"

"అందలే."

"జర సరిగ చూసినవా?"

"చూసిన, బిడ్డా. అందలే."

పాయింటు అవతలి జట్టుకు రాశాను.

పోయినవి ఇవి. రెండు పాయింట్ల తేడాతో ఒక ఫైనల్. ఏడుగురి ప్రాక్టీసు డ్యూటీ. మా కాలరీ జట్టు. ఆరుగురు సోమవారం ఫస్టు షిఫ్టుకు బాయిలోకి దిగారు. ఏడోవాడు, నా మేనల్లుడు, ఆ మోకాలితో బాయి పనికి పనికిరాడని ఆసుపత్రిలో రాశారు కనుక, నెల తిరక్కముందే అతని ఉద్యోగం కూడా పోయింది.