కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగే బాబాయ్

మా గడియారాల బాబాయ్‌కి ఒకటే జబ్బు. ఎవరు కడిగిన గిన్నెనైనా మళ్ళీ తను కడిగితే గాని ఆయనకు మనశ్శాంతి ఉండదు.

ఆరు గదుల ఇల్లు, ఆరుగురం, ఒకటే వంటగది. రోజుకొకరు వండాలి, ఇంకొకరు గిన్నెలు కడగాలి. ఎవరి వంతు వాళ్ళే చెయ్యాలి, చెయ్యలేనివాళ్ళు గది ఖాళీ చెయ్యాలి. ఈ నిబంధన రాసి గోడకు అతికించింది నేనే. కాలేజీలో సమానత్వం మీద పాఠాలు చెప్పేవాణ్ణి, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?

బాబాయ్ వృత్తి గడియారాల రిపేరు. మేం గిన్నెలు బోర్లించి చేతులు తుడుచుకునేలోపు భూతద్దం కంటికి బిగించుకుని వచ్చేసేవాడు. ఒక్కో పళ్ళాన్నీ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి, ఆగిపోయిన గడియారాన్ని చూసినట్టు చూసి, నిట్టూర్చి, కొళాయి తిప్పేవాడు.

"అందులో ఏముంది బాబాయ్?" అన్నాడోసారి పక్క గదిలో ఉండే బస్సు డ్రైవరు.

"నిన్నటి కూర."

"నిన్న మనం కూరే వండలేదు."

"అయితే మొన్నటిది. ఇంకా ఘోరం."

ఏడాదిన్నర ఓపిక పట్టి, చివరికి సమావేశం పెట్టాం. "ఈ పని మానండి, లేదా గది వదలండి," అన్నాను.

చివరి గదిలో బట్టలు కుట్టుకునే పిన్ని బతిమాలింది. "పోనీండి మేష్టారూ, అన్నయ్య ఎవరికేం చెరుపు చేశాడని?" ఆ గది తప్ప వేరే చోటు లేని మనిషి ఆవిడ. అయినా తనకోసం ఏనాడూ నోరెత్తింది లేదు.

బాబాయ్ తల గోక్కున్నాడు. "రెండు నెలలు గడువివ్వండి. తర్వాత మానేస్తాను."

"జబ్బుకి గడువేమిటండీ?" అని నవ్వుకుంటూనే ఇచ్చాం.

ఆ మధ్యలో పిన్ని కళ్ళకు శుక్లాల ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. నల్లద్దాలు తీసేసిన వారానికి ఆవిడ వంతు వచ్చింది. బాబాయ్ పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు, లేవలేదు. పిన్ని అలవాటుగా ఒక పళ్ళెం తోమి, కడిగి, పైకెత్తి చూసింది.

"అన్నయ్యా, అంచంతా జిడ్డే. వేలితో తడిమి శుభ్రమే అనుకునేదాన్ని. ఇన్నాళ్ళూ ఇలాగే కడిగానా?"

బాబాయ్ పేపరు దించలేదు. "నువ్వొక్కదానివేనా? ఇంట్లో అందరూ అలాగే కడిగారు. నేను చూడలేదూ?"

ఆవిడ గిన్నెలు మాత్రమే మళ్ళీ కడిగి ఉంటే రెండోరోజే నాకు తెలిసిపోయేది, గోడ మీది కాగితం చూపించి ఉండేవాణ్ణి. అందుకని అందరివీ కడిగాడు మహానుభావుడు. నేను వెళ్ళి ఆ కాగితం పీకాను. జిగురు గట్టిది, సగమే ఊడింది. 'ఖాళీ చెయ్యాలి' అన్న సగం.

మర్నాడు నా వంతు. గిన్నెలు బోర్లించి వెనక్కి తిరిగితే, కంటికి భూతద్దంతో బాబాయ్.

"ఇంకా ఎందుకు బాబాయ్? పిన్నికి నయమైందిగా."

ఆయన నా పళ్ళెం కిటికీ వైపు ఎత్తి పట్టి నిట్టూర్చాడు. "ఆవిడ కళ్ళకి ఆపరేషనైంది మేష్టారూ. మీ చేతులకి ఇంకా కాలేదు," అని కొళాయి తిప్పాడు.