తాళం లేని అంబాసిడర్

తాజుద్దీన్‌కు ఒకటే పిచ్చి. బండిలో చెడిపోయే సామాను ఏది కనిపించినా, అది చెడిపోకముందే పీకి పారేస్తాడు.

అతని కిరాయి అంబాసిడర్‌లో మొదట పాటల డబ్బా పోయింది. తర్వాత కిటికీ అద్దాలు పోయి గోనెపట్టాలు వచ్చాయి. తాళంచెవి పెట్టే చోట, ఇంట్లో బల్బుకు వేసే నల్ల స్విచ్చి బిగించాడు. ముందు ఇనుప హ్యాండిలు పెట్టి తిప్పితే, బండి మూడుసార్లు దగ్గి లేచేది. చివరికి హారన్ కూడా పీకేశాడు.

"అడ్డమొచ్చినోళ్లు ఎట్ల తప్పుకోవాలెరా?" అన్నాను.

"నాకు నోరున్నది గదా అవ్వా. గది ఇప్పటిదాంక రిపేరుకు రాలే."

స్టీరింగు పక్కన ఎర్రరంగుతో ఏదో రాశాడు. నాకు చదవరాదు. 'ముట్టుకోవద్దు' అని రాసుకున్నాడనుకున్నాను. "గీ డొక్కును ముట్టేటోడెవడే?" అంటూ పిండిగిర్ని దగ్గర అందరినీ నవ్వించేదాన్ని.

తొంభై ఆరులో మా మనుమరాలు మంజులతకు పదో తరగతి పరీక్షలు. సెంటరు ఆరు మైళ్ల దూరంలో, మోత్కూర్‌లో. ముందురోజు తాజుద్దీన్ వచ్చాడు.

"పొద్దున బండి తేవాల్నా అవ్వా? బిడ్డకు కిరాయి వద్దు."

"నీ బండెక్కితే పరీక్ష పిల్లకు గాదు, మాకు! మా రఘుపతి పట్నం నుంచి కొత్త కారు తెస్తుండు. బటన్ ఒత్తితే అద్దాలు లేస్తయి."

అతను నవ్వాడు. తెల్లారి స్టెప్నీ టైరు కోసం భువనగిరి బస్సెక్కాడు.

రఘుపతి మా తమ్ముడి కొడుకు. కారు నిగనిగలాడుతూ వచ్చింది. శుభమా అని పోతున్నాం, చక్రం కింద నిమ్మకాయ పెట్టాలని అందరినీ దింపింది నేనే. లోపలి చల్లగాలి పోకూడదని రఘుపతి తలుపు మూశాడు. టక్! నాలుగు తలుపులూ వాటంతటవే తాళం వేసుకున్నాయి. తాళంచెవి లోపల, మేం బయట. లోపల పాట మాత్రం హాయిగా వస్తోంది.

నేను రాయి అందుకున్నాను. రఘుపతి కారును కౌగిలించుకున్నాడు.

"అత్తా, అద్దం పలిగితే గసొంటిది పట్నంల గూడ దొరకది!"

"అవ్వా, అర్ధగంటనే ఉన్నది," అంది మంజులత. హాల్ టికెట్ దాని చేతిలో నలిగిపోతోంది. ఆలస్యమైతే లోపలికి రానివ్వరు, ఏడాది పోతుంది. బస్సు కూడా వెళ్లిపోయింది.

ట్రాక్టరు నడిపే భిక్షపతిని లాక్కుని తాజుద్దీన్ వాకిట్లోకి ఉరికాం. బండి ఉంది.

"మనిషి లేంది ఎట్ల ముడతం? ముట్టొద్దని రాసిండు గదా," అన్నాను.

మంజులత తొంగిచూసి చదివింది. "హ్యాండిలు సీటు కింద ఉన్నది. పెట్రోలు పోసి ఉన్నది. నేను లేకున్నా, ఎవరికి అక్కరుంటే వాళ్లు తీసుకపోండ్రి."

"మనూరి బీరన్నకు పాము కరిచినప్పుడు గూడ గిట్లనే తీస్కపోయినం. తాళం గందుకే పీకిండు," అన్నాడు భిక్షపతి. "ఊరందరికీ ఎరుకే. నీ నోటికి భయపడి నీకే చెప్పలే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కానీ ఎత్తాల్సి వచ్చింది. హారన్ లేదు కదా, మోత్కూర్ దాకా తల బయటపెట్టి "జరుగుండ్రి! జరుగుండ్రి!" అని అరిచింది నేనే. గేటు మూయబోతుండగా పిల్ల లోపల పడింది.

సాయంత్రం తాజుద్దీన్ ముందు నేల చూస్తూ నిలబడ్డాను. "కొడుకా, నేనన్న మాటలు..."

"గవన్నీ ఎందుకవ్వా," అన్నాడు టైరు దొర్లిస్తూ. "రేపు గూడ పరీక్ష ఉన్నదట గదా. జర జల్ది రా. హారన్ రాకపోతే బండి ఎట్ల కదుల్తది?"