బోయిగూడ గోలెంలో మంచుగడ్డ

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన ఏడు సికింద్రాబాదులో చలి ఎంత ముందుగా వచ్చిందంటే, దసరా పిండివంటలు ఇంకా డబ్బాల్లో ఉండగానే బోయిగూడలో మా పెరటి గోలెంలో నీళ్లు గడ్డకట్టాయి. ఆ గడ్డను మా అమ్మ రోకలితో పగలగొట్టింది. రోకలిని మాత్రం నిన్న మనవరాలికి చెబుతూ కలిపాను. గడ్డ సంగతి పాతదే, దాని దగ్గరికి వస్తాను. కొబ్బరినూనె సీసాలో పేరుకుందన్నది మాత్రం ఒట్టేసి చెప్పగలను.

అంత తొందరగా చలెందుకు వచ్చిందని అరుగుల మీద పెద్ద చర్చ. కిరాణా దుకాణం తాత తేల్చేశాడు. "ఉత్తరాది సిపాయిలు లారీలల్ల వాళ్ల ఊరి చలిని సుత ఏస్కొచ్చిండ్రు."

మా అమ్మ లెక్క వేరు. ఆ ఏడు వానలు ముందే వెనక్కి తగ్గాయి. మబ్బు లేకపోతే పగలు కాగిన నేల రాత్రికి వేడినంతా వదిలేసుకుంటుంది. పైగా గాలి ఈశాన్యానికి తిరిగింది, అందుకే లాలాగూడ రైలు కార్ఖానా కూత మా వంటింట్లో ఊదినట్టు వినిపిస్తోంది. "మబ్బంటే భూమికి రజాయి. గుంజేస్తే వణకదా మరి?" అనేది.

రజాయి మాట రాగానే అందరూ కొంగులూ కండువాలూ దగ్గరికి లాక్కునేవారు. వీధిలో ఒక్క రజాయి లేదు. ఏటా వినాయక చవితి దాటగానే రజాయిలు విప్పి, ఉండలు కట్టిన దూదిని పక్కింటి దూదేకుల మామకు ఇచ్చేవాళ్లం. ఆయన ముస్లిం, ఇంట్లో మాట మాదే, తెలుగే. విల్లు మీటి దూదిని నురగలా ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. ఆ ఏడు దూది ఆయన ఇంటికి చేరిందో లేదో, సైన్యం వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో ముస్లిం ఇళ్ల మీద దాడుల కబుర్లు మొదలయ్యాయి. ఆయన తాళంచెవి అమ్మ చేతిలో పెట్టి, భార్యాపిల్లలతో లాలాగూడలో బావమరిది ఇంటికి వెళ్లిపోయాడు. మా వీధిలో ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు.

"తాళం తీసి ఎవల దూది వాళ్లు తెచ్చుకుందాం" అన్నాడు తాత.

"తెచ్చుకొని ఏం జేస్తవ్ పెద్దనాయనా, చెవులల్ల పెట్టుకుంటవా?" అంది అమ్మ. తాళంచెవి కొంగున ముడేసుకుని నా వైపు తిరిగింది. "నువ్వు పో. మామను తోల్కరా. అబద్ధాలు మస్తుగ ఆడ్తవ్ గద, జెర గిప్పుడన్నా పనికి రానీ."

వెళ్లాను. మామ బావమరిది గుమ్మం ముందు మంచం మీద కూర్చున్నాడు. విల్లు లేని వేళ్లు ఊరికే కదులుతున్నాయి.

"మామా, గోలెంల నీళ్లు గడ్డకట్టినయ్!"

"బోయిగూడలనా?"

"ఔ. తాత మీసాలు సుత గడ్డకట్టినయ్. ఎండల కూసోని కరగబెట్టుకుంటుండు."

మామ నవ్వలేదు. నన్ను మంచం అంచున కూర్చోబెట్టి అడిగాడు. "వీధోళ్లు ఏమంటుండ్రు, అల్లుడా?"

అబద్ధం అల్లబోయి మానుకున్నాను. వీధిలో ఎవరూ ఏమీ అనడం లేదు. ఆయన్ని పంపేసింది ఆ ఏమీ అనకపోవడమే.

"వణుకుతుండ్రు" అన్నాను.

ఆయన లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

మా వీధి మలుపులో ఆయన నడక మెల్లబడింది. తాత దుకాణం దిగి ఎదురొచ్చి కసిరాడు. "ఏందయ్యా, మమ్మల్ని చలికి సావుమని పోయినవా? చాయ్ తాగి పని షురూ చెయ్!"

మామ ఆ మీసాలను తేరిపార చూశాడు. "కరిగినయా?"

తాతకు అర్థం కాలేదు. నేను గోడ చాటుకు తప్పుకున్నాను.

మామ నేరుగా మా పెరట్లోకి వెళ్లి గోలెంలో చెయ్యి పెట్టాడు. "ఏదిరా గడ్డ?"

"ఎండకు కరిగింది మామా."

ఆ తడి చెయ్యి తెచ్చి నా మెడ వెనక పెట్టాడు. అంత చలి నేను మళ్లీ ఎరగను.

అమ్మ కొంగుముడి విప్పుతూ అడిగింది. "మరదలిని, పిల్లలను ఎప్పుడు తెస్తున్నవ్, తమ్మీ?"

"గడ్డ సంగతి నిజమైతే రేపే తెస్తా, అక్కా."

మా అమ్మ ఎన్నడూ అబద్ధమాడి ఎరగదు. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, చూపుడు వేలు అడ్డంగా చాపింది.

"గింత మందం కట్టింది" అంది.