కుదపని గాజుగొట్టం

ఒక గాజుగొట్టాన్ని కుదపకపోతే సంసారం ఏమవుతుందో చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

యానాం నుంచి పుదుచ్చేరి పశువుల వీర్యం ల్యాబుకు నన్ను బదిలీ చేసిన రోజులవి. ఇంటిదగ్గర మా ఆవిడ కడుపుతో ఉంది. కాన్పుకైనా యానాం చేరాలని నా ఆరాటం. నెల్లితోపులో టౌన్ బస్సు పట్టుకు వేలాడుతున్నా నా ధ్యాసంతా బదిలీ ఫైలు మీదే.

ఆ రోజు కొత్త ఆబోతు వీర్యంలో కణాలు లెక్కపెట్టాలి. కదిలే కణాలను లెక్కపెట్టడమంటే పెళ్లిపందిట్లో పిల్లల్ని లెక్కపెట్టడమే. అందుకని ఒక్క చుక్క వీర్యం తీసి, కణాలను చంపే మందునీళ్లలో కొలతగా కలిపి, ఆ గొట్టాన్ని స్టాండులో పెట్టాను. ఇంతలో ఎవరో "నీ ఫైలు కదిలిందట" అన్నారు. సచివాలయానికి పరుగెత్తాను. ఫైలు ఉన్నచోటే ఉంది, కదిలింది నేనే.

తిరిగొచ్చేసరికి చచ్చిన కణాలన్నీ బుద్ధిగా అడుక్కి చేరాయి. గొట్టాన్ని బాగా కుదిపి తీయాలని మొదటి పాఠంలోనే చెబుతారు. నేను మహానుభావుణ్ణి కదా, అడుగునుంచే పీల్చి గీతల గాజుపలక మీద వేసి లెక్కపెట్టాను. ఉన్నదానికి ఎన్నో రెట్లు వచ్చింది.

మా ఆఫీసరు తరతరాలుగా పుదుచ్చేరిలోనే స్థిరపడ్డ తెలుగువాడు. "ఏందయ్యా, ఇంత ఉండాదా? ఇంకోతూరి చూస్తివా?"

"చూశానండి." చూడలేదు.

"సరి, బాగా పలచన చేసి డోసులు ఎక్కువ చెయ్యి."

చేశాను. మా మెస్సు మజ్జిగే నయం. ఆ డోసులు ఆవులకు సూదెయ్యడానికి చుట్టుపక్కల పశువుల ఆసుపత్రులకు వెళ్లాయి.

కొన్నాళ్లకు నా బదిలీ ఆర్డరు నిజంగానే వచ్చింది. పెట్టె సర్దుకుంటుంటే కదిర్కామం నుంచి ఒక పెద్దావిడ ఆవును తోలుకుని ఆఫీసుకే వచ్చింది. వెనకాల ఇంకొందరు, వాళ్ల ఆవులు.

"యాడబ్బా ఆ డాక్టరు? సూదేసినాక గూడా ఆవు మళ్లీ ఎదకొచ్చిండాది. ఇంట్లో పాలకి నేనేం చేసేది?"

మిగిలిన డోసుల్లో కణాలు లెక్కపెట్టమన్నాడు ఆఫీసరు. ఈసారి చెయ్యి నొప్పెట్టేదాకా కుదిపాను. ఉండవలసినదాంట్లో సగం కూడా లేవు.

"ఈ ఆవులన్నిటికీ చూలు నిలిచినాక పోదువులే," అన్నాడాయన.

రాత్రి మా ఆవిడ ఫోన్లో అడిగింది. "ఎప్పుడొస్తున్నారండీ?"

"ఆవులు కడుపుతో ఉన్నాయని తేలాక."

"నేనూ కడుపుతోనే ఉన్నానండి," అంది.

యానాంలో ఆ ఖాళీలోకి ఇంకొకాయన వెళ్లిపోయాడు. నాకు మళ్లీ వంతు వచ్చేసరికి మావాడికి మాటలొచ్చాయి. పెట్టెతో గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, "అమ్మా, ఎవరో వచ్చారు," అన్నాడు. ఎప్పుడో సెలవులకొచ్చి పోయే మనిషిని వాడెలా గుర్తుపెట్టుకుంటాడు?

అక్కడే, ఆ గుమ్మంలోనే ఒట్టేసుకున్నాను, ఈ జన్మలో కుదపకుండా దేన్నీ వాడనని. ఇప్పుడు దగ్గుమందు సీసా చేతికొచ్చినా మా ఆవిడ "చాల్లెండి, కలిసింది" అంటూనే ఉంటుంది. నేను ఆపను.